ఆటగాని ఆదాయ వ్యయాలు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగపూట ప్రసంగం పొడుగైతే పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైనట్టే ఉంటుంది. పులిహోర వాసన అప్పుడే ఇక్కడిదాకా వస్తున్నది. కనుక వీలైనంత క్లుప్తంగా నా మాట వినిపించి కూర్చుంటాను.

ఇంతకుముందే సిద్ధాంతిగారు పంచాంగ శ్రవణం చేశారు. మేఘాధిపతి ఎవరో, సస్యాధిపతి ఎవరో ఆయన చదువుతున్నంతసేపూ సభలో గుసగుసలు సాగుతూనే ఉన్నాయి. రాశుల ఆదాయ వ్యయాలు మొదలుపెట్టగానే అందరూ చెవులు రిక్కించారు. నా ప్రక్కనున్న పెద్దమనిషి తన రాశికి ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని విని, "ఈ సంగతి పంచాంగం చెప్పాలా? మా ఆవిడ నెల నెలా చెబుతూనే ఉన్నది" అన్నారు. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం: మన పెద్దలు మనిషి ఏడాది బ్రతుకునంతా ఈ నాలుగు గడులలో ఇమిడ్చారు. ఒళ్ళు వంచి పనిచేసి బ్రతికే ఎవరి లెక్క అయినా ఈ నాలుగింటిని దాటిపోదు. ఈ పూట నేను ఒక ఫుట్‌బాల్ ఆటగాని బ్రతుకును ఈ నాలుగు గడులలో పెట్టి చదివి వినిపిస్తాను.

ఉగాదినాడు బంతాట సంగతేమిటని మీరు అనుకోవచ్చు. కారణం ఉన్నది. పోయిన నెలలో మన సభ్యులలో ఒకరు నా దగ్గరకు వచ్చారు. పేరు చెప్పను, ఆయన ఈ సభలోనే ఉన్నారు. వారి రెండవ అబ్బాయికి పదిహేడేళ్ళు. ఫుట్‌బాల్ బాగా ఆడతాడు. దూరపు ఊళ్ళోని ఒక క్లబ్బువారు చూసి, బస ఇస్తాం, నెలకు ఇంత ఇస్తాం, వచ్చి ఆడమన్నారట. తండ్రికి ఇష్టం లేదు. "బంతి తన్ని సంసారం ఈదినవాణ్ణి ఎవరినైనా చూశారా? బ్యాంకు పరీక్ష వ్రాయరా అంటే వినడు" అన్నారు. తల్లి బాధ వేరు. "ఊరు కాని ఊళ్ళో వాడికి వేళకు అన్నం ఎవరు పెడతారన్నయ్యగారూ?" అన్నది ఆ ఇల్లాలు.

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి. మహబూబ్‌నగర్ నుంచో, నల్లగొండ నుంచో, కరీంనగర్ నుంచో మన తాతలు మూట భుజాన వేసుకుని బొంబాయి రైలెక్కిన నాడు ప్రతి గడప దగ్గరా వినిపించిన మాటలే అవి. మిల్లులో మగ్గం నడపడానికి, రాళ్ళు కొట్టి రోడ్డు వేయడానికి, ఇళ్ళు కట్టడానికి వచ్చినవారి మనుమలం మనం. పరాయి ఊళ్ళో పని చేసుకుని బ్రతకడమంటే ఏమిటో మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. అయినా ఆట దగ్గరకు వచ్చేసరికి అదీ ఒక పనేనని ఒప్పుకోవడానికి మన మనసు రాదు. ఆ తండ్రికి ఆనాడు నేను జవాబు చెప్పలేదు. ఈ పూట చెబుతాను.

నేను చెప్పబోయేది ముఖ్యంగా ఒకరి సంగతి. ఆయన మహమ్మద్ హబీబ్. 1949 జులై 17న హైదరాబాదులో పుట్టారు. ఆయన తమ్ముడు అక్బర్ కూడా పేరుపొందిన ఆటగాడు. హబీబ్‌కు ముందుతరం మనిషి తులసీదాస్ బలరాం. సికిందరాబాదు ప్రక్కన అమ్ముగూడలో 1936లో పుట్టారు. ఇద్దరూ పొట్ట చేతబట్టుకుని, బంతిని నమ్ముకుని కలకత్తా వెళ్ళినవారే.

ఒకరు ఉర్దూ మాట్లాడే ఇంటివారు, ఒకరు అరవ తల్లిదండ్రుల బిడ్డ, వీరిని తెలుగువారి సభలో తలచుకోవడమేమిటని ఎవరికైనా సందేహం కలుగవచ్చు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. వారిని ఎవరి పిల్లలంటారో ముందు తేల్చుకుని తరువాత ఆ ప్రశ్న వేయండి. బలరాం కుటుంబం హైదరాబాదు సీమకు వలస వచ్చినది. ఆ వలస బిడ్డ మళ్ళీ కలకత్తాకు వలస పోయాడు. మన సంగతికి ఇంతకంటె దగ్గరి సంగతి ఏమున్నది?

ఆ కాలపు హైదరాబాదులో ఫుట్‌బాల్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం పేరే. వృత్తికి ఉపాధ్యాయుడు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. రోవర్స్ కప్పు ఎక్కడిదనుకున్నారు? మన బొంబాయిదే. కూపరేజ్ మైదానంలో ఆ ఐదేళ్ళూ హైదరాబాదు కుర్రవాళ్ళు కప్పు ఎత్తుకుపోతూనే ఉన్నారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలోనూ, 1962 జకార్తా ఆసియా క్రీడలలోనూ భారత జట్టుకు బంగారు పతకం వచ్చింది రహీం శిక్షణలోనే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగవ స్థానానికి చేరిందీ ఆయన హయాంలోనే. ఒంట్లో కేన్సరు పెట్టుకుని జకార్తా జట్టును నడిపించిన ఆ మహానుభావుడు 1963 జూన్‌లో కాలధర్మం చెందారు.

అమ్ముగూడ కుర్రవాడు బలరాం పాత పోలీసు బూట్లను మోచీ చేత బాగు చేయించుకుని ఆడేవాడట. అంత దూరం నుంచి పట్నానికి సాధనకు రావాలంటే సైకిలు అద్దె చేతిలో లేదు. ఆ అద్దె డబ్బు రహీం సాబే ఇచ్చేవారని బలరాం తరువాతి రోజుల్లో చెప్పుకునేవారు. ఒక ఉపాధ్యాయుడు ఇచ్చిన సైకిలు అద్దె దేశానికి ఒక ఒలింపిక్ ఆటగాణ్ణి తెచ్చిపెట్టింది.

ఇక మొదటి గడి, ఆదాయం.

ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడితే జీతమన్నది కాగితం మీద లేదు. ఆటగాడంటే సరదాకు ఆడేవాడన్నదే పేరు. నిజంలో బ్రతుకు గడవడానికి రెండు దారులు ఉండేవి. ఒకటి నౌకరి. పోలీసు, రైల్వే, పోర్టు ట్రస్టు, బ్యాంకు, మిల్లు, వీటిలో ఏదో ఒకటి ఆటగాణ్ణి ఉద్యోగంలోకి తీసుకునేది. పేరు హాజరు పట్టీలో ఉంటుంది, మనిషి మైదానంలో ఉంటాడు. మన బొంబాయిలో మఫత్‌లాల్, టాటా వంటి సంస్థల జట్లు అలా నడిచినవే. మన తాతలు బట్ట నేసిన ఊళ్ళోనే మిల్లు పేరు మీద బంతి ఆడినవారూ ఉన్నారన్నమాట. రెండవ దారి కలకత్తా. అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ అని మూడు పెద్ద క్లబ్బులు. ఆటగానికి సీజనుకు ఇంత అని ముట్టజెప్పేవారు. మాట ఒక్కటే పత్రంగా నడిచిన సందర్భాలే ఎక్కువ.

మనకే ఇలా ఉన్నదనుకోకండి. ఆట పుట్టిన ఇంగ్లండులో డబ్బు పుచ్చుకుని ఆడడానికి 1885లోనే అనుమతి ఇచ్చారు. అయినా ఎంతటి ఆటగానికైనా జీతానికి ఒక పై హద్దు పెట్టారు. 1961లో ఆ హద్దు ఎత్తివేసేనాటికి అది వారానికి 20 పౌన్లు. ఒప్పందం గడువు తీరినా, క్లబ్బు విడిచిపెడితే తప్ప ఇంకొక చోటికి పోయే వీలు లేదు. 1963లో జార్జ్ ఈస్ట్‌హాం అనే ఆటగాడు న్యాయస్థానానికి వెళ్ళి ఆ కట్టుబాటు అన్యాయమనిపించాడు. ఒప్పందం తీరిన ఆటగాడు కొత్త క్లబ్బు చేత పాత క్లబ్బుకు పైకం కట్టించకుండానే వెళ్ళవచ్చునని ఐరోపా న్యాయస్థానం తేల్చింది 1995లో, బెల్జియం ఆటగాడు బోస్మన్ దావాలో. లక్షల మంది చూసే ఆట ఆడేవానికి తన కష్టం తాను అమ్ముకునే హక్కు రావడానికి అన్నేళ్ళు పట్టింది. కూలి అడగడానికి సిగ్గుపడనక్కరలేదని చెప్పడానికే ఇది చెబుతున్నాను.

కలకత్తాలో పద్ధతి వేరుగా ఉండేది. ఏటా కొత్త సీజనుకు ముందు ఆటగాళ్ళు బెంగాల్ ఫుట్‌బాల్‌ను నడిపే ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కచేరీకి స్వయంగా వెళ్ళి, ఈ ఏడు ఏ క్లబ్బుకు ఆడేదీ సంతకం చేయవలసి ఉండేది. సంతకాల రోజులు వస్తే పెళ్ళివారి హడావిడికి మించిన హడావిడి. ఎదుటి క్లబ్బువారు తన్నుకుపోతారని ఆటగాళ్ళను రహస్యంగా దాచిపెట్టి, సంతకం వేళకు కాపలాతో తీసుకువచ్చేవారు.

పదిహేడేళ్ళ వయసులో, 1966లో, హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు వచ్చారు. తోటివారు చాలామంది ఏదో ఒక కచేరీలో నౌకరి చూసుకుని దాని నీడన ఆడేవారు. హబీబ్ నౌకరి వద్దన్నారు. ఆటే నా పని, దాని మీదనే బ్రతుకుతాను అన్న పట్టుదల ఆయనది. అందుకే ఆయనను భారత ఫుట్‌బాల్‌లో మొదటి సిసలైన వృత్తి ఆటగాడని చెప్పుకుంటారు. వేళకు నిద్ర, వేళకు తిండి, అందరికంటె ముందు మైదానంలో హాజరు. వడ్రంగి తన ఉలిని చూసుకున్నట్టు ఆయన తన కాళ్ళను చూసుకున్నారు. సాటి ఆటగాళ్ళు ఆయనను "బడే మియా" అని పిలిచేవారు.

ఆయన సంతకాల వరస చూడండి. 1966లో ఈస్ట్ బెంగాల్. 1968లో మోహన్ బగాన్. 1970 నుంచి 1974 దాకా మళ్ళీ ఈస్ట్ బెంగాల్. 1975లో మహమ్మడన్ స్పోర్టింగ్. 1976 నుంచి మూడేళ్ళు మోహన్ బగాన్. తరువాత మళ్ళీ మహమ్మడన్. 1980లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్. చివరకు మోహన్ బగాన్‌లో ఆట చాలించారు. పదిహేడేళ్ళలో మూడు క్లబ్బుల గడపలూ ఒకటికి రెండుసార్లు తొక్కారు. అద్దె ఇళ్ళు మారినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. సామాను సర్దడం, కొత్త ఇంటివారితో మంచి చేసుకోవడం, పాత ఇంటివారు ఎదురైతే తలవంచి నమస్కారం పెట్టడం మనకు తెలిసిన సంగతులే.

రెండవ గడి, వ్యయం.

ఆటగాని వ్యయం రూపాయలలో లేదు, కాళ్ళలో ఉన్నది. నేతగాని చేతులు అరవై ఏళ్ళ వరకు ఆడతాయి. గుమాస్తా కలం అంతవరకూ కదులుతుంది. ఆటగానికి మాత్రం బాగా నడిస్తే పదిహేనేళ్ళు. హైదరాబాదు గట్టి నేల మీద నేర్చిన కాళ్ళు కలకత్తా వానాకాలపు బురదలో లీగు ఆడాలి. మోకాలు ఒక్కసారి తిరిగితే సీజను పోయినట్టే. మరుసటి ఏడు ఎవరు పిలుస్తారో తెలియదు.

బలరాం సంగతే చూడండి. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వచ్చారు. 1961లో ఆయన కెప్టెనుగా ఉండగా ఆ క్లబ్బు లీగు గెలిచింది. 1962లో జకార్తాలో బంగారు పతకం. తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారారు. ఆ దశలోనే ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ముప్పై నిండకముందే పెద్ద ఆటకు స్వస్తి చెప్పవలసి వచ్చింది. మొన్న జకార్తాలో జేజేలు, నేడు వైద్యుని ముందు బల్ల మీద. రైల్వే ఉద్యోగం అనే నీడ ఉండబట్టి సంపాదన నిలిచింది. నౌకరి వద్దనుకున్న హబీబ్ మార్గంలో ఆ నీడ లేదు. రెండు మార్గాలలో ఏది మంచిదని నన్నడిగితే, కాళ్ళు బాగున్నంతకాలం రెండూ మంచివే. ఆ తరువాతి కాలానికే ముందుచూపు కావాలి.

ఇంకొక వ్యయం ఉన్నది. అది జమాఖర్చు పుస్తకంలో వ్రాయరు. పండుగనాడు ఇంట్లో లేకపోవడం. అమ్మకు జబ్బని కబురు వచ్చిన నాడు మ్యాచి ఉండడం. నేనూ యువకుడిగా ఈ ఊరు వచ్చి అయిదు ఉగాదులు ఇంటికి పోలేకపోయాను. ఆ లెక్క నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, ఈ సభలో చాలామందికి చెప్పనక్కరలేదు.

మూడవ గడి, రాజపూజ్యం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలరాం హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు చేశారు. రెండు మ్యాచీలూ ఓడిపోయాం, అయినా హంగరీవంటి మేటి జట్టు చేతిలో 2-1 తేడాతో మాత్రమే ఓడామంటే అది చిన్న మాట కాదు. 1962లో ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

1970 బాంకాక్ ఆసియా క్రీడలలో భారత జట్టు జపాన్‌ను 1-0తో ఓడించి కంచు పతకం గెలిచింది. ఆ జట్టుకు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆ జట్టులో హబీబ్ ఉన్నారు. ఆ తరువాత ఇంతవరకు ఆసియా క్రీడలలో మన పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు మరొక పతకం రాలేదు.

1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ ఆడింది. కాస్మాస్ తరఫున ఆడింది సాక్షాత్తు పెలే. వానకు మైదానం చిత్తడి. కాస్మాస్ తొలి గోలు కార్లోస్ ఆల్బెర్టో చేశారు. వెంటనే శ్యాం థాపా సమం చేశారు. తరువాత మన హబీబ్ గోలు చేసి మోహన్ బగాన్‌ను ముందుకు తెచ్చారు. చివరకు పెనాల్టీతో కాస్మాస్ 2-2 చేసుకుని బయటపడింది. ప్రపంచకప్పు గెలిచిన మహారథులున్న జట్టు మీద బురదలో ఒక గోలు: పదకొండేళ్ళ కూలిపని ఆ గోలు వెనుక ఉన్నది. అదే ఏడు మోహన్ బగాన్ ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండ్ కప్పు, మన బొంబాయి రోవర్స్ కప్పు మూడూ గెలిచింది. 1980లో హబీబ్‌కు అర్జున అవార్డు ఇచ్చారు.

నాలుగవ గడి, అవమానం.

క్లబ్బు మారిన ఆటగానికి మొదట దక్కేది ద్రోహి అన్న పేరు. నిన్న భుజాలమీద మోసినవారే నేడు తిట్లు లంకించుకుంటారు. 1970 నుంచి 1975 వరకు ఈస్ట్ బెంగాల్ వరుసగా ఆరేళ్ళు కలకత్తా లీగు గెలిచింది. వాటిలో మొదటి ఐదింటిలో హబీబ్ చెమట ఉన్నది. 1976లో ఆయన మోహన్ బగాన్ చొక్కా తొడిగారు. ఆ ఏడు లీగులో రెండు క్లబ్బులూ ఎదురైనప్పుడు, ఆట మొదలైన 17 సెకన్లలోనే మోహన్ బగాన్ తరఫున గోలు పడింది. గోలు చేసింది తమ్ముడు అక్బర్. అదొక్కటే గోలు. ఆ ఏడు లీగు మోహన్ బగాన్‌ది. ఈస్ట్ బెంగాల్ అభిమానుల కడుపుమంట ఎంతటిదో ఊహించుకోండి. మరి అదే హబీబ్ 1980లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్ గడప తొక్కితే, ఆ అభిమానులే చేతులు చాచి తీసుకున్నారు.

ఎందుకు తీసుకున్నారు? నా మనవిలో అసలు మాట ఇదే. ఆయన ఏ చొక్కా తొడిగినా ఆ తొంభై నిమిషాలూ ఆ చొక్కాకు బాకీ ఉంచలేదు. పాత క్లబ్బు మీద కాలు బిగబట్టి ఆడలేదు. కొత్త క్లబ్బువారి మెప్పుకోసం పాతవారిని ఆడిపోసుకోలేదు. అభిమాని విశ్వాసం రంగు మీద ఉంటుంది, పనివాని విశ్వాసం పని మీద ఉంటుంది. రంగును నమ్మినవాడు ఒక్కడికే మిత్రుడు. పనిని నమ్మినవానికి ఏ గడప దగ్గరైనా చోటు ఉంటుంది.

మనల్నీ ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. ఇక్కడివారు "మీరు ఎక్కడివారు?" అంటారు. సెలవులకు ఊరు వెళితే అక్కడివారు "మీరు బొంబాయివాళ్ళయిపోయారు" అంటారు. రెండు వైపులా పరాయితనమే. ఈ ఊళ్ళో మన తాతలు నేసిన బట్ట మాసి చిరిగిపోయింది. వారు వేసిన రోడ్ల మీద మరొకరు మరో పొర వేశారు. ఐతేనేం, పని సరిగా చేశారన్న మాట మిగిలింది. ఆ మాట మీదనే మనకు ఈ ఊళ్ళో చోటు దొరికింది.

అవమానపు గడిలో మరొకటి వ్రాయక తప్పదు. 1960 నాటి భారత జట్టులో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురినీ ఒక్క ఊపిరిలో చెప్పేవారు. చునీ గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. సొంత ఊరిని విడిచిపోయినవాణ్ణి ఊరూ పైకి ఎత్తదు, వెళ్ళిన చోటూ మనవాడని అడగదు. మన సంఘాలు ఇటువంటివారి పేర్లను ఏడాదికి ఒక్కసారైనా ఇలా పలకకపోతే ఇంకెవరు పలుకుతారు?

ఆట చాలించాక హబీబ్ చిన్నవాళ్ళకు నేర్పారు. జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలోనూ, హల్దియాలోని అకాడమీలోనూ శిక్షకుడుగా పనిచేశారు. చివరకు హైదరాబాదు తిరిగివచ్చారు. ముసలితనంలో మతిమరుపు జబ్బు పట్టుకున్నది. ఊళ్ళకు ఊళ్ళు గుర్తుపెట్టుకున్న గోల్స్ ఆయనకే గుర్తులేని రోజులు వచ్చాయి. 2023 ఆగస్టు 15న, దేశమంతా జెండా ఎగరేస్తున్న రోజున, పుట్టిన హైదరాబాదులోనే కన్నుమూశారు.

బలరాం తిరిగి రాలేదు. కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో స్థిరపడి, అదే ఏడు ఫిబ్రవరి 16న కలకత్తాలో కాలం చేశారు. ఒక సీమ నుంచి వెళ్ళిన ఇద్దరు. ఒకరు తిరిగివచ్చారు, ఒకరు అక్కడే ఉండిపోయారు. ఎవరు చేసింది సరి? ఈ ప్రశ్న మన ఇళ్ళల్లో రాత్రి భోజనాల దగ్గర ఎన్నిసార్లు వచ్చిందో మీకు తెలుసు. ఊళ్ళో ఇల్లు కట్టుకుందామా, ఇక్కడే ఉండిపోదామా? వారిద్దరి బ్రతుకూ చూశాక నాకు తోచింది ఇంతే: తిరిగివచ్చినవాడూ ఓడిపోలేదు, ఉండిపోయినవాడూ తప్పిపోలేదు. పని చేసిన చోటు, పుట్టిన చోటు రెండూ మనిషికి ఇళ్ళే.

ఇప్పుడు ఆ తండ్రిగారికి నా జవాబు.

అయ్యా, అబ్బాయిని పంపండి. కాని నాలుగు గడులూ చూసి పంపండి. ఇప్పుడు కాలం మారింది. 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగు వచ్చింది, 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చింది. ఆటగానికి వ్రాతపూర్వకమైన ఒప్పందం అడిగే హక్కు ఉన్నది. ఆ కాగితం మీరు చదవండి, చదవడం రాకపోతే మన సంఘంలో వకీళ్ళు ఉన్నారు, వారిచేత చదివించండి. ఎన్ని నెలలకు ఒప్పందం, జీతం ఏ తేదీన ఇస్తారు, కాలికి దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, ఆ నెలల్లో జీతం ఉంటుందా, ఈ నాలుగు మాటలు అందులో ఉన్నాయేమో చూడండి. పెద్ద క్లబ్బుల జట్టుల్లో చోటు దొరికేది కొద్దిమందికే. మిగిలినవారు ఏడాదికొక ఊరు, రెండేళ్ళకొక చొక్కా మారుతూ ఉంటారు. అందులో అవమానమేమీ లేదు, కాని అది తెలిసి వెళ్ళాలి. చదువు మానిపించకండి. ఆట వేళలు పోగా దూరవిద్య మీద పట్టా తెచ్చుకునే వీలు ఈ రోజుల్లో ఉన్నది. వాడు పంపిన మొదటి జీతంతో ఇంటికి టీవీ కొనకండి. వాడి పేరున బ్యాంకులో వేయండి. ఆ కాళ్ళు ముప్పై అయిదేళ్ళకు ఆగుతాయి, బ్రతుకు ఆగదు.

తల్లిగారి ప్రశ్న ఇంకా మిగిలి ఉన్నది. అన్నం ఎవరు పెడతారని అన్నారు. అమ్మా, దానికి జవాబు నేను ఒక్కణ్ణి చెప్పలేను. ఈ సభ చెప్పాలి. అబ్బాయి వెళ్ళే ఊళ్ళోనూ తెలుగు సంఘం ఉంటే, మన కార్యదర్శిగారు ఆ సంఘానికి ఒక ఉత్తరం వ్రాయాలి. అలాగే ఏ ఊరి నుంచో ఆడడానికో, పరీక్షకో ఈ ఊరు వచ్చే కుర్రవాళ్ళ కోసం మన సంఘం గదిలో ఒక మంచం, మన ఇళ్ళల్లో వారానికొక పూట భోజనం వంతులవారీగా ఏర్పాటు చేయాలని నా ప్రతిపాదన. ఉర్దూవాడైనా, అరవవాడైనా, తెలుగువాడైనా సరే. రహీం సాబ్ ఇచ్చింది సైకిలు అద్దె మాత్రమే. మనం ఒక పూట అన్నం పెట్టలేమా?

అబ్బాయితో ఒక్క మాట. బాబూ, ఏ చొక్కా ఇచ్చినా శుభ్రంగా ఉతుక్కుని తొడుక్కో. ఈ ఏడు ఎవరికి ఆడతావో వారికి పూర్తిగా ఆడు. వచ్చే ఏడు సంగతి వచ్చే ఉగాదికి చూసుకుందాం.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. పచ్చడిలో ఆరు రుచులూ ఉన్నాయని సంఘం మహిళలు మాట ఇచ్చారు. నా వంతు చేదు నేను వడ్డించాను. తీపి వారు వడ్డిస్తారు.